కంపెనీలు, సంఘాలు, మన పిల్లలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ సభలో మాకు అప్పగించే విషయం చదువు. ఈసారి కార్యదర్శిగారు కబురు చేసి, "మాస్టర్ సాబ్, ఈ యేడు కంపెనీల గురించి చెప్పండి. పెద్ద కంపెనీలు సంఘాలకు డబ్బిస్తున్నాయట. ఐక్యరాజ్యసమితి వాళ్లు ఏవో పదిహేడు లక్ష్యాలు పెట్టారట. మన సంఘం ఆ దారిలో ఏమైనా చేయగలదేమో చూసి చెప్పండి" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం. తెలుగులో ఉపన్యాసం అంటే కాస్త జంకు వుంది. మాటలో తప్పులుంటే మన్నించాలి. అయితే లెక్కల మాస్టర్లకు ఒక అలవాటుంటుంది. పిల్లవాడు జవాబు సరిగ్గా రాసినా ఊరుకోము, చేసిన తీరు చూపించమంటాము. ఈవేళ కంపెనీలను కూడా అదే అడగబోతున్నాము. జవాబు ఎంత వచ్చిందన్నది తరువాత, ఎలా వచ్చిందో ముందు చూపించండి అని.

మనందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాము. నబువ్వత్‌కు ముందు రోజుల్లో, యెమెన్ వైపు జబీద్ నుంచి ఒక వర్తకుడు మక్కాకు వచ్చి, తన సరుకును ఆ ఊరి పెద్దల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్‌కు అమ్మాడు. సరుకు తీసుకున్నవాడు సొమ్ము ఇవ్వలేదు. వచ్చినవాడు పరదేశి. వెనుక వంశబలం లేదు, చెప్పుకోవడానికి కచేరీ లేదు. ఆయన అబూ ఖుబైస్ కొండ ఎక్కి, కాబా దగ్గర కూర్చున్న ఖురైషు పెద్దలందరికీ వినబడేటట్లు తన మొర చెప్పుకున్నాడు. అది విని జుబైర్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ మొదలైనవారు కదిలారు. అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో కూర్చుని, మక్కాలో అన్యాయం ఎవరికి జరిగినా, ఆ మనిషి ఊరివాడైనా పరాయివాడైనా, హక్కు ఇప్పించేదాకా ఒక్క చేయిగా వుంటామని ఒడంబడిక చేసుకున్నారు. ఆస్ దగ్గరకు వెళ్లి సొమ్ము ఇప్పించారు. దాన్నే హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. అప్పటికి యువకుడుగా వున్న మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ ఒడంబడికలో పాల్గొన్నారు. తరువాతి కాలంలో కూడా దాన్ని గౌరవంగా తలచుకునేవారు.

సోదరులారా, అక్కడ వాళ్లు చేయని పని ఒకటి గమనించండి. ఆస్ దగ్గరకు వెళ్లి, "అయ్యా, మీరు ధనవంతులు, ఈ పరదేశికి ఒక పూట భోజనం పెట్టించండి" అని అడగలేదు. అతని సరుకు ధర అతనికి ఇమ్మన్నారు. దానం అడగడం ఒక పని, హక్కు అడగడం ఇంకొక పని. మా ప్రసంగమంతా ఈ రెండింటి మధ్య తేడా గురించే అనుకోండి.

ఇక ఐక్యరాజ్యసమితి సంగతి. 2015 సెప్టెంబరు 25న సభ్యదేశాలన్నీ కలిసి 2030 నాటికి సాధించవలసిన 17 లక్ష్యాలను ఆమోదించాయి. వాటి కింద 169 ఉపలక్ష్యాలున్నాయి. పేదరికం, ఆకలి, ఆరోగ్యం, చదువు, నీళ్లు, పని, వాతావరణం, అన్నీ అందులో వున్నాయి. మన పనికొచ్చేవి రెండే చెబుతాము. 8.7 అనే ఉపలక్ష్యం, 2025 నాటికల్లా అన్ని రూపాల్లోని బాలకార్మిక వ్యవస్థను అంతం చేయాలంటుంది. 12.6 అనేది, పెద్ద కంపెనీలను, ముఖ్యంగా పలు దేశాల్లో వ్యాపారం చేసేవాటిని, భూమికీ మనుషులకూ చెరుపు చేయని పద్ధతులు అనుసరించేటట్లూ, ఆ సంగతులు తమ నివేదికల్లో చెప్పేటట్లూ ప్రోత్సహించాలంటుంది. అందులో మాట "ప్రోత్సహించాలి" అనే వుంది. బలవంతం లేదు. మరి ఆ ప్రోత్సహించే పని ఎవరు చేస్తారు? ప్రభుత్వాలు కొంత చేస్తాయి. మిగిలింది మనవంటి సంఘాల మీద పడింది.

ఈ ఆలోచన 2015లో పుట్టినది కాదు. 1999 జనవరిలో దావోస్‌లో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వ్యాపారవేత్తల ముందు దీన్ని పెట్టారు. 2000 జూలైలో గ్లోబల్ కాంపాక్ట్ అనే ఒడంబడిక మొదలైంది. తొమ్మిది సూత్రాలతో మొదలుపెట్టి, 2004లో అవినీతి గురించి పదవది చేర్చారు. అయిదవ సూత్రం బాలకార్మికుల గురించే. కంపెనీ సంతకం పెడుతుంది, యేటా తన పని గురించి నివేదిక ఇస్తుంది. సంతకం పెట్టినంత మాత్రాన పొలంలో వున్న పిల్ల బడికి వచ్చేయదు. కాకపోతే ఆ సంతకాన్ని చూపించి అడగడానికి మనకొక ఆధారం దొరుకుతుంది. అప్పుపత్రం వంటిది అనుకోండి. పత్రం వున్నంత మాత్రాన బాకీ వసూలు కాదు గాని, పత్రం లేకపోతే అడగనే లేము.

మన దేశంలో ఇంకొక చట్టం వుంది. 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షను. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో వుంది. నికర విలువ 500 కోట్లు గాని, వ్యాపారం 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని వుండే కంపెనీలు, గడిచిన మూడేళ్ల లాభాల సగటులో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సి.ఎస్.ఆర్. అంటే అదే. ఆ డబ్బు మన సంఘం వంటివాటికి రావాలంటే సొసైటీ రిజిస్ట్రేషన్ వుండాలి, ఆదాయపు పన్ను శాఖలో 12ఎ, 80జి వుండాలి, 2021 ఏప్రిల్ నుంచి సి.ఎస్.ఆర్.-1 అనే ఫారం కూడా దాఖలు చేసుకోవాలి. కార్యదర్శిగారు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు ఇది. కాగితాలు సరిచేసుకుంటే మన సంఘానికి కూడా ఆ డబ్బుకు అర్హత వస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే మా పని సులువయ్యేది. కాని లెక్కల మాస్టరుకు 2 శాతం చూడగానే 98 శాతం గుర్తుకొస్తుంది. నూరు రూపాయల లాభంలో రెండు రూపాయలు ఇచ్చారు, సంతోషం. ఆ నూరు ఎలా వచ్చాయి? ఈ చట్టం ఆ ప్రశ్న అడగదు. ఇంకా చెప్పాలంటే, కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సి.ఎస్.ఆర్. లెక్కలోకే రాదు. రైతుకు మంచి ధర ఇస్తే అది సి.ఎస్.ఆర్. కాదు. ఆ రైతు ఊళ్లో బడి గోడకు రంగు వేయిస్తే అవుతుంది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. మనం జకాత్ ఇచ్చేవాళ్లం, నలభయ్యో వంతు. హరామ్ సంపాదనలో నుంచి నలభయ్యో వంతు తీసి ఇస్తే మిగిలినది హలాల్ అయిపోతుందని ఏ ఆలిమ్ అయినా చెప్పారా? ఎవరి సొమ్ము వారికి తిరిగి ఇవ్వమంటారు. కొలతల్లో తగ్గించి ఇచ్చేవారి మీద ఖురాన్‌లో ఏకంగా ఒక సూరా వుంది, ముతఫ్ఫిఫీన్ అని దాని పేరే. తూకం రాయి తప్పుగా వున్నవాడు ఫకీరుకు ఎంత వేశాడన్నది ఆ తరువాతి మాట.

సరే, కంపెనీ లాభం వెనుక లెక్కను ఒక సంఘం అడిగి, జవాబు రాబట్టగలదా? రాబట్టిన కథ ఒకటి మన నేలమీదే జరిగింది. పత్తి విత్తనం కథ. పత్తి మన వాళ్లకు పరాయిది కాదు, దూది ఏకి బతికిన కుటుంబాలు ఈ సభలోనే ఎన్నో వున్నాయి.

1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ గారు హెచ్-4 అనే మొదటి హైబ్రిడ్ పత్తిని తయారుచేశారు. హైబ్రిడ్ విత్తనం ప్రతి యేడూ కొత్తగా తయారు చేయాలి. పత్తి పూవులో ఆడా మగా భాగాలు రెండూ ఒకేచోట వుంటాయి కనుక, రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే ఒలిచి మగ భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున్నే వేరే రకం పూవు తెచ్చి దాని పుప్పొడి దీనికి అద్దాలి. మా వైపు దీన్ని క్రాసింగు అంటారు. యంత్రం లేదు. ప్రతి మొగ్గకూ రెండు చేతులు తగలాలి. ఎకరానికి పదిమంది దాకా మనుషులు, నెలల తరబడి, ఆగస్టు మొదలు చలికాలం దాకా. మొక్కల ఎత్తుకు తగ్గ ఒళ్లు, సన్నని వేళ్లు, ఎదురు చెప్పని నోరు అని చెప్పి ఆడపిల్లలను పెట్టుకునేవారు. అసలు కారణం కూలి. పిల్లకు ఇచ్చేది పెద్దవాళ్లకు ఇచ్చేదానికంటే తక్కువ. పైగా సీజనుకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చేవారు. అది తీరేదాకా పిల్లకు వేరే దారి లేదు.

నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపూ, తుంగభద్ర అవతల గద్వాల వైపూ ఈ సీడు పత్తి విస్తారంగా వుండేది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో హాజరు పట్టీ చూస్తే సీజను తెలిసిపోయేది. జూలైలో నిండుగా వున్న అయిదవ తరగతి సెప్టెంబరులో సగమయ్యేది. పోయిన సగం ఆడపిల్లల వైపే. ఒకసారి మేము ఒక రైతును పొలంగట్టు మీదనే అడిగాము. ఆయన కోపగించుకోలేదు. "అయ్యోరా, పెద్దోళ్లను పెట్టి పెద్ద కూలి ఇస్తే, కంపినీ ఇచ్చే రేటుకు నాకేం మిగుల్తాది? నువ్వే లెక్కజెయ్యి, లెక్కల అయ్యోరువే గదా" అన్నాడు. మేము చేశాము. ఆయన చెప్పిన అంకెల మీద ఏమీ మిగల్లేదు.

ఆ లెక్కనే పెద్ద ఎత్తున చేసినవారు వున్నారు. హైదరాబాదులో దావులూరి వెంకటేశ్వర్లు గారనే పరిశోధకులు పొలాల్లో తిరిగి సమాచారం సేకరించగా, నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ అనే స్వచ్ఛంద సంస్థ 2003లో ఆ నివేదికను బయటపెట్టింది. ఇక్కడి కంపెనీల పేర్లతోపాటు మోన్‌శాంటో, బేయర్, యూనిలీవర్ వంటి ప్రపంచమెరిగిన పేర్లు అందులోకి ఎక్కాయి. ఆ కంపెనీలకు అలవాటైన జవాబు ఒకటుంది. "ఆ పిల్లలు మా ఉద్యోగులు కారు. మేము ఆర్గనైజరుకు మూల విత్తనం ఇస్తాము, ఆర్గనైజరు రైతుకిస్తాడు, కూలి పెట్టుకునేది రైతు" అని. వినడానికి సబబుగానే వుంటుంది. సంఘాలవాళ్లు వేసిన ఎదురుప్రశ్న ఏమిటంటే, విత్తనం కల్తీ కాకుండా చూడటానికి మీ మనిషి సీజనులో అన్నిసార్లు అదే పొలానికి వస్తున్నాడు గదా, మొగ్గ సరిగ్గా ఒలిచారో లేదో చూసే కంటికి ఒలుస్తున్న పిల్ల కనబడదా? ధర నిర్ణయించేది రైతా, మీరా?

అదే సమయంలో ఇక్కడ ఎం.వి. ఫౌండేషన్ వుంది. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరున 1981లో స్థాపించిన సంస్థ. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పనిలోనుంచి బడిలోకి తెచ్చే పని చేస్తూ వచ్చింది. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. వారి మాట ఒక్కటే. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఇంటిపనా, పొలంపనా, ప్రమాదమా, కాదా అనే బేరాలు లేవు. పెద్ద వయసు పిల్లలకు శిబిరాలు పెట్టి, కొద్ది నెలల్లో తరగతికి సరిపడే చదువు చెప్పి బడిలో చేర్చేవారు.

ఇలా మూడు పనులు కలిశాయి. మొదటిది లెక్క. ఏ పొలంలో, ఏ కంపెనీ విత్తనానికి, ఎంతమంది పిల్లలు అన్నది. కాదనలేని లెక్క. రెండవది, ఆ లెక్క కంపెనీకి నొప్పి తగిలేచోట వినిపించడం. పొలంగట్టు మీద అరిస్తే బేయర్‌కు వినబడదు. అందుకని 2004 అక్టోబరులో జర్మనీలోని స్వచ్ఛంద సంస్థలు, గ్లోబల్ మార్చ్ అనే బాలకార్మిక వ్యతిరేక ఉద్యమంతో కలిసి, బహుళజాతి కంపెనీల నడవడిక నియమాల కింద ఆ దేశ ప్రభుత్వం దగ్గరే బేయర్ మీద ఫిర్యాదు ఇచ్చాయి. 2006లో నార్వే ప్రభుత్వ పింఛను నిధికి సలహా ఇచ్చే నైతిక మండలి, ఈ పిల్లల కారణంగా మోన్‌శాంటోలో వాటాలు వదులుకోవాలని సిఫార్సు చేసింది. నిధిని నడిపేవారు అమ్మేసి వెళ్లిపోవడానికి బదులు, వాటాదారులుగా వుండి కంపెనీని నిలదీసే దారి పట్టారు. మన కర్నూలు, మహబూబ్‌నగర్ పిల్లల హాజరు పట్టీ ఓస్లోలో కూర్చున్నవారి బల్ల మీదికి వెళ్లిందన్నమాట. అబూ ఖుబైస్ కొండ ఎక్కడం అంటే ఇదే. గొంతు పెద్దదైనందుకు కాదు, నలుగురికీ వినబడే చోటు ఎంచుకున్నందుకు ఆ పరదేశికి సొమ్ము దక్కింది.

మూడవదే అన్నిటికంటే కష్టం. మంచి పని చేసేవాడు నష్టపోకుండా చూడటం. 2003లో విత్తన పరిశ్రమ సంఘం బాలకార్మికులను తొలగిస్తామని తీర్మానించింది. ఎం.వి. ఫౌండేషన్‌తో కలిసి పొలాలు తనిఖీ చేసే ఏర్పాటు జరిగింది. మొదట్లో పని నత్తనడక నడిచింది. రైతును బెదిరిస్తే పిల్లలు తనిఖీ రోజున దాక్కుంటారు, మర్నాడు మళ్లీ వస్తారు. అప్పుడు అసలు ప్రశ్న ముందుకొచ్చింది. 2005లో వచ్చిన ఇంకొక నివేదిక ధర గురించే మాట్లాడింది. కంపెనీ ఇచ్చే సేకరణ ధరలో పెద్దవాళ్ల కూలి ఇమడటం లేదని చూపించింది. మా పొలంగట్టు రైతు చెప్పిన మాటే అది. తరువాత బేయర్, మోన్‌శాంటో కంపెనీలు, పిల్లలను పెట్టుకోని రైతుకు సేకరణ ధర మీద సుమారు 5 శాతం బోనసు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. పెట్టుకున్నవాడికి ముందు హెచ్చరిక, ఆ తరువాత నష్టం, చివరకు ఒప్పందం రద్దు. దిగుబడి పెంచుకునే శిక్షణ కూడా ఇచ్చారు. ఆ ఒప్పందాలున్న పొలాల్లో చిన్నపిల్లల సంఖ్య బాగా తగ్గింది.

ఇక్కడ చప్పట్లు కొట్టవద్దు, కథ ఇంకా వుంది. అదే పరిశోధకులు 2015లో మళ్లీ లెక్కవేస్తే, దేశంలో పత్తి విత్తన పొలాల్లో దాదాపు అయిదు లక్షలమంది పిల్లలు వున్నట్లు తేలింది. వారిలో 14 ఏళ్ల లోపువారు సుమారు రెండు లక్షలు. ఎందుకని? వ్యాపారం ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. పరదేశంలో పరువు పోతుందనే భయం లేని కంపెనీల చేతుల్లో ఎక్కువ విత్తనం వుంది. చిన్నపిల్లలు పోయినచోట 14 దాటినవారు వచ్చారు. చూపు పడినచోట బాగుపడింది, చూపు పడనిచోటికి జరిగిపోయింది. ప్రపంచం లెక్క కూడా అలాగే వుంది. 2025 నాటికి అంతం చేస్తామన్నారు. 2025 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి ఇచ్చిన అంచనా ప్రకారం 2024లో పని చేస్తున్న పిల్లలు 13 కోట్ల 80 లక్షలు. 2020లో 16 కోట్లు వుండేవారు. తగ్గింది నిజం, గడువుకు అందలేదన్నదీ నిజం.

ఇప్పుడు మా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకుండా దిగిపోతే ఈ ప్రసంగానికి బరకత్ వుండదు.

కొన్నేళ్ల కిందట ఒక విత్తన కంపెనీవారు మా బడి పిల్లలకు పుస్తకాల సంచులు ఇస్తామని వచ్చారు. పేరు చెప్పము. జూన్‌లో సభ పెట్టారు. నీలిరంగు సంచులు, వాటి మీద కంపెనీ గుర్తు. వందన సమర్పణ చేసింది మేమే. దాతృత్వం గురించి నాలుగు షేర్లు కూడా చదివాము. వేదిక మీద కంపెనీ ఆఫీసరుగారి పక్కనే ఆ ప్రాంతపు సీడు ఆర్గనైజరు కూర్చున్నాడు. సెప్టెంబరులో ఒక పొద్దున మేము సైకిలు మీద వెళ్తుంటే, కూలీలను తీసుకుపోయే ఆటోలో మా అయిదవ తరగతి అమ్మాయి కనబడింది. ఒడిలో ఆ నీలి సంచి. ఆపి అడిగితే, సంచి తెరిచి చూపించింది. అందులో సద్ది డబ్బా, నీళ్ల సీసా వున్నాయి. "కాపీ ఘర్‌లో వుంది సార్, క్రాసింగు అయిపోయినాక వస్తాను" అన్నది. ఏ పొలమని అడిగితే, వేదిక మీద కూర్చున్న ఆ ఆర్గనైజరు పేరే చెప్పింది. ఆయన ఏ కంపెనీకి విత్తనం తీస్తాడో ఊరందరికీ తెలుసు.

ఆ పిల్ల మమ్మల్ని ఏమీ అనలేదు. తల్లి దగ్గరకు వెళ్తే ఆమె మాత్రం అన్నది. "మాస్టర్ సాబ్, సంచి ఇచ్చినవాళ్లే అడ్వాన్సు ఇచ్చినారు. మీరు వాళ్లకు పూలదండ వేసినారు. నేను కాదంటే ఎట్లా?" మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ యేడు ఆ అమ్మాయి పరీక్షలకు రాలేదు. మరుసటి యేడు పేరు పట్టీలోనుంచి తీసేయవలసి వచ్చింది. ఆ గీత గీసింది కూడా మేమే.

సంచులు తీసుకోవడం తప్పని మేము అనడం లేదు. సంచి లేని పిల్లలకు సంచి కావాలి. కాని ఆ రోజు వేదిక మీద ఒక్క ప్రశ్న అడిగివుండవలసింది. "అయ్యా, ఈ నూట యాభై మంది పిల్లల్లో మీ విత్తన పొలాల్లోకి సెప్టెంబరులో ఎంతమంది వస్తారు? రాకుండా మీరేం చేస్తారు?" అని. అడిగితే సంచులు రావేమోనని భయపడ్డాము. దాత ముందు సంఘాలకు నోరు పెగలకపోవడానికి ఇదే కారణం. వచ్చేది పోతుందేమోనన్న భయం. మన సంఘం కూడా కంపెనీల దగ్గరకు వెళ్లబోయే ముందు ఈ భయాన్ని ఒకసారి తూచి చూసుకోవాలి.

ఇంకొక మాట. కంపెనీలను వేలెత్తి చూపేముందు మన ఇంటి వాకిలి వూడ్చుకోవాలి. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలమందికి పైగా పిల్లలను విడిపించారు. బీహారు వంటి దూరప్రాంతాల నుంచి తెచ్చిన పిల్లలు. కార్ఖానాలు ఎవరివి అని ఇక్కడ విప్పి చెప్పనక్కరలేదు. మన ఊళ్లో మోటారు షెడ్లున్నాయి, హోటళ్లున్నాయి, కుట్టుపని కార్ఖానాలున్నాయి. "పని నేర్చుకుంటున్నాడు" అనే మాట చాటున ఎంతమంది పిల్లలున్నారో మనకే తెలుసు. చట్టం స్పష్టంగానే వుంది. 2016 సవరణ తరువాత, 14 ఏళ్ల లోపువారిని ఏ పనిలోనూ పెట్టుకోరాదు. బడివేళలు కాని సమయంలో సొంత కుటుంబపు పనికి సాయపడటం వంటివాటికి మినహాయింపు. 14 నుంచి 18 లోపువారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదు. మన షెడ్లలో పిల్లలను పెట్టుకుని, మనం కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరానికి విలువ వుండదు. అందుకని ఈ మాట వినడానికి కష్టంగా వున్నా, ఈ సభలో వున్న యజమానులను ఉద్దేశించి ప్రేమతో చెబుతున్నాము.

ఇక మా మనవులు. నాలుగే.

ఒకటి. వచ్చే క్రాసింగు సీజనుకు ముందు మన బస్తీలన్నిటిలో ఇంటింటికీ తిరిగి పిల్లల లెక్క తీద్దాము. ప్రతి మస్జిదు కమిటీ నుంచి ఇద్దరు, మహిళా విభాగం నుంచి ఇద్దరు చాలు. బడిలో వున్నవారు, మానేసినవారు, పనికి పోయేవారు, ఎవరి పనికి పోయేవారు. మన పిల్లలనే కాదు, ఆ వీధిలో వున్న ఏ మతపు పిల్లనైనా రాద్దాము. హిల్ఫుల్ ఫుజూల్‌లో పరదేశి వంశం అడగలేదు. లెక్కలో ఒక్క పేరు కూడా పెంచరాదు. ఒక్కటి అబద్ధమైతే మిగిలిన తొంభైతొమ్మిదీ కొట్టిపారేస్తారు. ఆ పిల్లల పేర్లు మన దగ్గర అమానత్. బయటికి వెళ్లేది అంకెలే.

రెండు. ఆ లెక్క చేతికి వచ్చాక కంపెనీలకు ఉత్తరం రాద్దాము. డబ్బు అడిగే ఉత్తరం కాదు, ప్రశ్న అడిగే ఉత్తరం. సేకరణ ధరలో పెద్దవాళ్ల కూలి లెక్కవేశారా, తనిఖీకి మా సంఘం మనిషి రావచ్చునా, పిల్లలు లేని రైతుకు మీరేమి అదనంగా ఇస్తారు అని. 2022–23 నుంచి స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు తమ బాధ్యతల గురించి సెబీ నిర్ణయించిన నమూనాలో యేటా నివేదిక ఇవ్వాలి. బాలకార్మికులపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్య కూడా అందులో వుండాలి. మన కుర్రాళ్లు సెల్‌ఫోనులో ఎన్నో చూస్తున్నారు, ఆ నివేదిక కూడా తీసి చదవమనండి. అక్కడ సున్నా అని వుండి, మన పట్టీలో పదకొండు అని వుంటే, ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో మేము చెబుతాము.

మూడు. సి.ఎస్.ఆర్. డబ్బు వస్తే తీసుకుందాము, కాగితాలు సరిచేసుకుందాము. కాని జవాబు రాని కంపెనీకి దండ వేయవద్దు. మన వేదిక మీద కుర్చీకి ఒక ఖరీదు వుంది. దాన్ని సంచులకు అమ్ముకోవద్దు. మేము అమ్ముకున్నాము కనుక చెబుతున్నాము.

నాలుగు. పనినుంచి పిల్లను తెచ్చేముందు, ఆ ఇంటి అడ్వాన్సు సంగతి చూద్దాము. మన బైతుల్‌మాల్ నుంచి ఆ బాకీ తీర్చడానికి కర్జె హసనా ఇవ్వగలిగితే, ఆ తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్నకు మనకొక జవాబు దొరుకుతుంది. రైతుతో తగవు పెట్టుకోవద్దు. ఆయన మెడ కూడా అదే ధర కింద నలుగుతున్నది. ఆయన్ని మన పక్కన కూర్చోబెట్టుకుని కంపెనీని అడగాలి. ఎవరైనా బిడ్డ ఆపదలో వుంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1098కు ఫోను చేయండి.

పెద్దలారా, మన సంఘం చిన్నది. బేయర్ ముందు మనమెంత అని మీలో కొందరు అనుకుంటూ వుండవచ్చు. 2003లో ఆ పొలాల్లో తిరిగినవారు కూడా కొద్దిమందే. వారి చేతిలో వున్నది ఒక నోటు పుస్తకం, పేర్లు, అంకెలు. సంతకం పెట్టిన కంపెనీకి దాని సంతకం చూపించారు, చూపు పడనిచోట చూపు పడేటట్లు చేశారు, మంచి రైతుకు నష్టం లేకుండా చేయమన్నారు. కొంత గెలిచారు, కొంత మిగిలిపోయింది. ఆ మిగిలిపోయినది మన ఊళ్లో ఎంత వుందో తెలుసుకోవడం మన బాధ్యత. 2030కి ఇంక ఎన్నో సీజన్లు లేవు.

మా దగ్గర పాత హాజరు పట్టీలు ఇంకా వున్నాయి. గీత గీసిన పేర్లు వాటిలో వున్నాయి. వచ్చే వార్షిక సభకు ఈ యేటి పట్టీ తెచ్చి, జూలై సంఖ్యా, సెప్టెంబరు సంఖ్యా పక్కపక్కన పెట్టి మీ ముందు చదువుతాము. రెండూ ఒకటే అయితే అది మన సంఘం చేసిన పని. కాకపోతే తేడా ఎంతో, ఎందుకో కూడా చదువుతాము. చేసిన తీరు చూపించమని కంపెనీలను అడిగేవాళ్లం, ముందు మనం చూపించాలి గదా.

 మా మాటల్లో ఎవరి మనసైనా నొచ్చుకుని వుంటే క్షమించాలి. అల్లాహ్ మనందరికీ హక్కు మాట చెప్పే ధైర్యాన్నీ, చెప్పినదాన్ని ముందు తామే ఆచరించే బుద్ధినీ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.